క్షమాపణ పొందిన పాపాన్ని విశ్వాసి గుర్తుంచుకోవాలా, మరచిపోవాలా?

బెరయవాడు:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా బైబిలు అధ్యయనంలో మొదలైన వాదన ఒకటి ఎంతకీ తెగడం లేదు. ఒక సహోదరుడు సాక్ష్యంలో తన పాత జీవితం గురించి చెబుతుంటే మరొకరు అడ్డుతగిలి, "దేవుడే మరచిపోయిన దాన్ని నువ్వెందుకు తవ్వుతున్నావు?" అన్నారు. నా పక్షమూ అదే. వారి పాపాలను ఇక ఎన్నడూ జ్ఞాపకం చేసుకోనని యిర్మీయా ద్వారా దేవుడు చెప్పాడు. హెబ్రీ పత్రిక ఆ మాటను రెండుసార్లు ఎత్తి చూపింది. పౌలు "వెనుక ఉన్నవి మరచి" ముందుకు సాగుతున్నానన్నాడు. యెషయా 43లో మునుపటి సంగతులు తలంచుకోవద్దని సూటిగానే ఉంది. ఇన్ని వాక్యాలుండగా క్షమాపణ దొరికిన పాపాన్ని పదే పదే నెమరు వేసుకోవడం సిలువ మీద అపనమ్మకం కాదా? దయచేసి ముందు వాక్యం చూపండి, అనుభవాలు తర్వాత.

గిల్గాలు రాయి:
సహోదరా, పేరుకు తగ్గట్టే అడిగారు. మరి విన్నదాన్ని లేఖనాలతో సరిచూసుకున్న బెరయ ఊరివాళ్లలాగే పరిశీలిద్దాం. ఫిలిప్పీ 3లో పౌలుకు వెనుక ఏమున్నాయి? పై వచనాలు చదవండి: ఎనిమిదవ దినాన సున్నతి, బెన్యామీను గోత్రం, పరిసయ్యుడు, ధర్మశాస్త్రపు నీతిలో అనింద్యుడు. అంటే ఆయన నష్టంగా ఎంచి వదిలేసింది తన గొప్పల చిట్టాను. సంఘాన్ని హింసించాననే మాట కూడా ఆ చిట్టాలోనే ఉంది, కాదనను. కానీ అక్కడ అది ఒకప్పటి ఆసక్తికి రుజువుగా, గొప్పల కిందే జమ అయింది.

దాన్ని పాపంగా ఆయన ఎప్పుడైనా మరచిపోయాడా? సంఘాన్ని హింసించినందువల్ల అపొస్తలుడనే పిలుపుకు తగనని కొరింథీయులకు రాశాడు. యెరూషలేములో తనను చంపబోయిన గుంపు ముందు నిలబడి, క్రీస్తు సాక్షి స్తెఫను రక్తం చిందినప్పుడు చంపినవాళ్ల వస్త్రాలకు కావలి ఉన్నది నేనేనని చెప్పాడు. వస్త్రాలకు కావలి! అన్నేళ్ల తర్వాత అంత చిన్న వివరం చెప్పమని ఆయన్ను ఎవరడిగారు? తిమోతికి రాసే నాటికీ పాపుల్లో "నేను ప్రధానుడను" అనే మాట ఆయన నోట ఉంది. మరచిపోయినవాడు ఇలా మాట్లాడతాడా?

ఇక యెషయా 43. అక్కడ తలంచుకోవద్దన్న సంగతులు ఏవి? సముద్రంలో త్రోవ, కూలిపోయిన రథాలు, గుర్రాలు. అంటే ఎర్రసముద్రపు విడుదల. దానికి మించిన కొత్త కార్యం చేయబోతున్నాననడానికి ఆ మాట. మూడు అధ్యాయాలు దాటితే 46లో, పూర్వం జరిగినవాటిని జ్ఞాపకం చేసుకోమని అదే గ్రంథం చెబుతోంది.

బెరయవాడు:
యెషయా 43 తెరిచారు కాబట్టి 25వ వచనం వరకూ చదవండి. నీ అతిక్రమాలను తుడిచివేస్తున్నాను, నీ పాపాలను జ్ఞాపకం చేసుకోను అని ఉంది. ఆయన తుడిచిందాన్ని మనం మళ్లీ రాసిపెట్టుకోవడం దేనికి?

ఇంకొకటి. అరణ్యంలో ఇత్తడి సర్పాన్ని దేవుడే చేయించాడు. పాము కాటు తిన్నవాళ్లు దాన్ని చూసి బ్రతికారు. అంతటి మేలుకు గుర్తు కదా అని తరతరాలు దాచుకున్నారు, చివరికి దానికే ధూపం వేశారు. హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టాల్సి వచ్చింది. పవిత్రమైన గుర్తుకే ఆ గతి పట్టినప్పుడు పాపపు గుర్తు మాటేమిటి? కొందరి సాక్ష్యాలు వినండి. తాగుడు, కొట్లాటలు, దొంగతనాలు ఏటేటా పెరుగుతూ పోతాయి. క్రీస్తు దగ్గరకు వచ్చేసరికి సమయం అయిపోయిందని గంట కొడతారు.

సాయంకాల నైవేద్యం:
గంట మాటకు నవ్వొచ్చింది, నిజమే కాబట్టి. కానీ అనుభవాలు తర్వాత అన్నారు, నేను ఆగలేను. సంఘంలో స్త్రీల ప్రార్థన కూడిక చూసుకుంటాను. ప్రభువు బల్ల ఆచరించే ఆదివారం ఒక సహోదరి చివరి వరుసలో గోడ పక్కన కూర్చుంటుంది. రొట్టె పళ్లెం వచ్చినప్పుడు రెండు చేతులతో జాగ్రత్తగా అందుకుని, ముక్క తీసుకోకుండా పక్కవారికి ఇచ్చేస్తుంది. ఎప్పుడో చేసిన ఒక పాపం. ఒప్పుకుంది, విడిచిపెట్టింది, మళ్లీ దాని జోలికి పోలేదు. అడిగితే "పరీక్షించుకోవాలి కదక్కా" అంటుంది.

ఆ వచనం ఆమె చెవిన సగమే పడింది. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలి అన్న వెంటనే, అలా చేసి ఆ రొట్టెను తినాలి అని ఉంది. పరీక్షించుకుని మానేయమని పౌలు చెప్పలేదు. పైగా బల్ల దగ్గర ప్రభువు జ్ఞాపకం చేసుకోమన్నది తనను, మన పాపపు లెక్కను కాదు.

గిల్గాలు రాయి గారూ, మీ వాదనలో తప్పు పట్టను. కానీ మీరు రాసింది చదివితే ఆమె ఇంకో వరుస వెనక్కి వెళ్తుంది, అక్కడ వరుస లేకపోయినా సరే.

గిల్గాలు రాయి:
అక్కా, ఆమెకు నేను కీర్తన 103 చదువుతాను. ఆయన చేసిన ఉపకారాల్లో దేన్నీ మరువవద్దని చెప్పి, మొదటి ఉపకారంగా దోషాల క్షమాపణనే లెక్కపెట్టాడు దావీదు. ఏ దోషమో పూర్తిగా మరచిపోతే ఉపకారం ఎంతటిదో ఎలా తెలుస్తుంది? అంతే నా మాట.

సుంకపు మెట్టు:
ఇంతవరకూ అందరూ పాపం చేసినవారి పక్షానే మాట్లాడారు. ఆ పాపం ఎవరి మీద జరిగిందో వారి ఊసే లేదు. మా నాన్నగారి దగ్గర నమ్మకంగా అప్పు తీసుకుని ఎగ్గొట్టిన ఒకాయన ఆ తర్వాత రక్షణ పొందాడు. ప్రభువు నా గతాన్ని చెరిపేశాడని ఆనందంగా సాక్ష్యం చెప్పేవాడు. గతంతో పాటు మా అప్పు కూడా చెరిగిపోయింది!

సుంకం వసూలు చేసే జక్కయ్యను చూడండి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఇవ్వాలంటే ఎవరి దగ్గర ఎంత లాగాడో గుర్తుండాలి కదా? రక్షణ తన ఇంటికి వచ్చిన రోజునే అతను లెక్కలు బయటకు తీశాడు.

బానిసల వ్యాపారం చేసిన ఇంగ్లండు నావికుడు జాన్ న్యూటన్ సంగతీ అలాంటిదే. 1748లో తుపాను మధ్య దేవునికి మొరపెట్టినవాడు, ఆ తర్వాత కూడా బానిసల ఓడలకు కెప్టెన్‌గా వెళ్లాడు. 1754లో సముద్రయానం మానేశాడు, తర్వాత పాదిరి అయ్యాడు. మీ లెక్కన అక్కడితో అంతా మరచిపోయి హాయిగా ప్రసంగాలు చేసుకోవాలి. 1788లో ఆయన ఆ వ్యాపారం గురించి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి, తన కళ్లతో చూసినవీ తన చేతులతో చేయించినవీ రాశాడు. ఓడ అడుగున మనుషులను అరలో పుస్తకాలు సర్దినట్టు ఒకరి పక్కన ఒకరిని పడుకోబెట్టిన సంగతి అందులో ఉంది. బ్రిటన్ పార్లమెంటు 1807లో ఆ వ్యాపారాన్ని నిషేధించడానికి పనికొచ్చిన సాక్ష్యాల్లో అదొకటి. క్షమాపణ దొరికింది కదా అని ఆయన మరచిపోయి ఉంటే నష్టపోయేది ఓడ అడుగున ఉన్నవాళ్లు.

నాకు ఆయన మీద ఫిర్యాదు ఒక్కటే, అంత ఆలస్యం ఎందుకు చేశాడని.

బెరయవాడు:
తిరిగి చెల్లించాల్సినది ఉన్నంతవరకూ గుర్తుంచుకోవాలి, అందులో నాకు వాదన లేదు. మీ నాన్నగారి అప్పు ఎగ్గొట్టినవాడి సాక్ష్యం సాక్ష్యమే కాదు. కానీ చెల్లించేశాక? లేదా ఎవరికీ చెల్లించేది లేని పాపమైతే? ఆ చివరి వరుస సహోదరి విషయంలో నా ప్రశ్న అలాగే ఉంది.

పాత కాపరి:
పిల్లలూ, ద్వితీయోపదేశకాండం ఒకసారి తిరగేయండి. ఐగుప్తులో దాసుడవై ఉన్నావని జ్ఞాపకం చేసుకో అనే మాట వచ్చిన ప్రతిచోటా చుట్టూ ఎవరున్నారో గమనించండి. 5వ అధ్యాయంలో విశ్రాంతి దినాన పనివాళ్లకు సెలవు. 15లో దాసుణ్ణి విడిపించేటప్పుడు వట్టి చేతులతో పంపవద్దు. 24లో పొలంలో మరచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లవద్దు, అది పరదేశికీ తండ్రిలేనివాడికీ విధవరాలికీ. జ్ఞాపకం నీ గుండెలో మొదలై ఇంకొకరి చేతికి అందాలి. అదే జనం సంఖ్యాకాండం 11లో ఐగుప్తు చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు తలచుకుని ఏడ్చారు. ఇటుకల పని మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు. అదీ జ్ఞాపకమే, ఎవరికీ పనికిరాని జ్ఞాపకం.

ఆ సహోదరి జ్ఞాపకం ఆమెను ఒంటరిగా గోడకు ఆనించి కూర్చోబెడుతోంది. తనలాగే తప్పటడుగు వేసిన ఇంకో చిన్నదాని పక్కన ఆమెను కూర్చోబెట్టండి, నైవేద్యం అమ్మా. అదే జ్ఞాపకం అక్కడ ఏం చేస్తుందో చూడండి.

సాయంకాల నైవేద్యం:
అయ్యగారూ, అలాంటి అమ్మాయి ఒకరు మా కూడికలోనే ఉన్నారు. నాకు ఈ ఆలోచన తట్టలేదు. అయితే ముందు ఆ వచనం రెండో సగం ఆమెతో కూర్చుని చదువుతాను. తను రొట్టె తీసుకోకుండా ఇంకొకరికి ధైర్యం చెప్పమంటే ఎలా చెబుతుంది?

బెరయవాడు:
కాపరిగారూ, ఒక్క అభ్యంతరం. మీరు చూపించిన మూడు చోట్లా జ్ఞాపకం చేసుకోమన్నది దాస్యాన్ని, అంటే వాళ్లు అనుభవించిన బాధను. చేసిన పాపాన్ని కాదు.

పాత కాపరి:
ద్వితీయోపదేశకాండం 9:7 చూడు నాయనా. అరణ్యంలో నీవు యెహోవాకు కోపం పుట్టించిన సంగతి జ్ఞాపకం చేసుకో, మరువవద్దు. బంగారు దూడను చేసుకుని పూజించిన సంగతంతా ఆ తర్వాతే వస్తుంది.

బెరయవాడు:
చూశాను. మోషే ఆ మాట చెప్పే నాటికి కోపం పుట్టించిన తరంలో చాలామంది అరణ్యంలోనే రాలిపోయారు, వింటున్నది ఎక్కువగా వాళ్ల పిల్లలు. తండ్రుల పాపాన్ని జనమంతా కలిసి గుర్తుంచుకోవడం వేరు, ఒక మనిషి తన పాపాన్ని గుర్తుంచుకోవడం వేరు అని నాకనిపిస్తోంది. కీర్తన 51లో "నా పాపమెల్లప్పుడు నా యెదుట నున్నది" అనే మాట మాత్రం నా వాదనకు అడ్డుపడుతోంది, అది ఒక్క మనిషి మాటే కాబట్టి. దావీదు దాన్ని క్షమాపణ అడుగుతూ అన్నాడా, పొందాక అన్నాడా అన్నది తేలాలి. రేపు రాస్తాను.