రాత్రి చపాతీ ఆపాలా, ముందు రక్తపరీక్ష చేయించాలా? పాపకి రక్తం పెరగట్లేదు (రాయగడ)

మజ్జిగౌరి వీధి, రాయగడ:

అందరికీ నమస్కారం. మా పాపకి పద్నాలుగేళ్ళు. హిమోగ్లోబిన్ ఎనిమిది దాటట్లేదు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర వేసుకుంటోంది, అది కాక డాక్టరు గారు రాసిన ఐరన్ మందూ వాడుతున్నాం. నులిపురుగుల మందు వేశాం. సికిల్ సెల్ పరీక్ష బడిలోనే చేశారు, లేదన్నారు. అయినా మొహం పాలిపోయే ఉంటుంది. మాటిమాటికీ నోటి పూత, తిన్నాక పొట్ట ఉబ్బరం. తోటి పిల్లల పక్కన నిలబెడితే తలకాయంత పొట్టిగా ఉంది.

ఆయనకి సుగర్ వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో రాత్రిళ్ళు అన్నం వండట్లేదు, అందరికీ చపాతీలే. మా ఆడపడుచు "గోధుమ పడట్లేదేమో, మానిపించి చూడు వదినా" అంటోంది. ఇక్కడి పిల్లల డాక్టరు, గోధుమ పడని సీలియాక్ అనే జబ్బు ఉందేమో చూద్దామని టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు. మా అత్తగారేమో అది రొట్టెలు తినే ఉత్తరాది వాళ్ళ జబ్బు, మనకి రాదు, డబ్బు దండగ అంటున్నారు. మీలో ఎవరైనా చేయించుకున్నారా? ముందు మానిపించి చూసి, తగ్గకపోతే అప్పుడు చేయిస్తే పోదా?

జయపురం ల్యాబ్ తమ్ముడు:

అక్కా, రక్తం ఇచ్చేదాకా చపాతీ ఆపకండి. దయచేసి ఆపకండి. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని ఈ సీలియాక్ జబ్బులో ఒంట్లో కొన్ని యాంటీబాడీలు తయారవుతాయి, పేగు పొర దెబ్బతింటుంది. ఈ పరీక్ష కొలిచేది ఆ యాంటీబాడీలనే. గోధుమ మానేస్తే అవి నెమ్మదిగా తగ్గిపోతాయి. అప్పుడు జబ్బు ఉన్నా రిపోర్టు నెగెటివ్ రావచ్చు, మీరు లేదనుకుని ఊరుకుంటారు.

ఇంకోటి. ఐజీఏ, ఐజీజీ అని యాంటీబాడీల్లో రకాలు ఉంటాయి. చీటీలో టీటీజీ ఐజీఏ ఒక్కటే ఉంటే, టోటల్ ఐజీఏ కూడా రాయమని డాక్టరు గారిని అడగండి. కొందరికి పుట్టుకతోనే ఐజీఏ తక్కువ ఉంటుంది. వాళ్ళకి మొదటి పరీక్ష నెగెటివ్ వచ్చినా దానికి అర్థం లేదు, సీలియాక్‌కే ఐజీజీ రకం పరీక్షలు చేయాలి. పరగడుపున రావక్కర్లేదు. మన ఊళ్ళలో ఎక్కువగా శాంపిల్ బయటికి పంపుతారు కాబట్టి రిపోర్టు అదే రోజు రాదు.

ఎవరైనా ఒకే చుక్క రక్తంతో నూరు, రెండొందల తిండి వస్తువులు పడతాయో లేదో చెబుతాం అంటే వెళ్ళకండి. అందులో చూసేది ఒక్కో తిండి మీద తయారయ్యే ఐజీజీ. మనం ఏది తింటే దానికి అది ఒంట్లో కనిపించడం మామూలే, పడకపోవడానికి గుర్తు కాదు. వాటి రిపోర్టులు పట్టుకుని అన్నం, పప్పు, గుడ్డు అన్నీ మానేసి నీరసించిపోయిన పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పర్లాకిమిడి మేస్టారు:

అమ్మా, మీ అత్తగారి మాట పూర్తిగా కొట్టిపారేయకండి. మన వైపు చాలామందికి పొట్ట ఉబ్బరానికి కారణం పాలు. మా మనవడికీ అంతే. పెరుగు తింటే ఏమీ కాదు, గ్లాసెడు పాలు తాగితే మెలికలు తిరిగిపోయేవాడు. పాలు మానిపించగానే సర్దుకుంది. ఏ ఉబ్బరం వచ్చినా గోధుమ మీదకి తోసెయ్యడం ఈ మధ్య ఫ్యాషనైపోయింది. ముందు పాలు ఆపి చూడండి.

బరంపురం కోడలు:

మేస్టారు గారూ, పాలు పడకపోతే పొట్ట ఉబ్బుతుంది గానీ రక్తం తగ్గదు కదండీ. ఐరన్ వేసుకుంటున్నా పెరగకపోవడం, ఎదుగుదల లేకపోవడం, నోటి పూత, మూడూ ఒకే పిల్లలో ఉంటే పరీక్ష తప్పకుండా చేయించాల్సిందే. నేను సీలియాక్ ఉన్న మనిషిని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెండో కాన్పులో నాకు రక్తం ఎక్కించే పరిస్థితి వచ్చింది. అందరూ ఆకుకూరలు తినమన్నారు, దానిమ్మ తినమన్నారు. విరేచనాలు లేవు కాబట్టి పేగు సంగతి ఎవరికీ తట్టలేదు. కాన్పయ్యాక ఒక లేడీ డాక్టరు టీటీజీ రాశారు, చాలా ఎక్కువ వచ్చింది. తర్వాత ఎండోస్కోపీ. గొంతులో మందు కొట్టి, సన్నటి గొట్టం దింపి, చిన్నపేగు మొదట్లోంచి కొన్ని ముక్కలు తీశారు. తీసినట్టు కూడా తెలియలేదు.

మన వైపు రాదనే మాటకి మా డాక్టరు గారు ఇచ్చిన జవాబు ఇది. ఉత్తరాదిలో సుమారు వందలో ఒకరికి ఉంటుంది, దక్షిణాదిలో అంతకంటే చాలా తక్కువ, నిజమే. కానీ దీనికి దారితీసే డీక్యూ2, డీక్యూ8 జన్యువులు మనవాళ్ళలోనూ ఉన్నాయి. తేడా చాలావరకు తినే గోధుమలోనే. ఇప్పుడు మన ఇళ్ళలో పొద్దున ఉప్మా, సాయంత్రం బిస్కెట్, రాత్రి చపాతీ. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పొడిలోనూ గోధుమే.

రాయగడ అక్కయ్యా, పాపకి నెలసరి ఎక్కువగా అవుతోందా? అది కూడా డాక్టరుకి చెప్పండి.

జయపురం ల్యాబ్ తమ్ముడు:

బరంపురం అక్క మంచి ప్రశ్న వేశారు. ఒకటి కలుపుతాను. బడిలో చేసే సికిల్ పరీక్షలో తలసీమియా (పుట్టుకతో వచ్చే ఇంకో రక్తజబ్బు) వాహకులు బయటపడరు. రక్తకణాలు చిన్నవిగా ఉండి ఐరన్ నిల్వలు బాగానే ఉంటే ఆ దారి కూడా చూడాలి. ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించారా అక్కా? ఐరన్ మందు వేసుకున్న వెంటనే టీ తాగే అలవాటు ఉంటే మాన్పించండి, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

గుణుపూర్ స్టేషన్ రోడ్డు:

నాకు జరిగింది కూడా చదవండి. గ్యాస్, నీరసం అంటే ఒక డైటీషియన్ గోధుమ పూర్తిగా ఆపమన్నారు. ఆపాను, హాయిగా అనిపించింది. నెలలు గడిచాక విశాఖలో పేగుల డాక్టరు దగ్గరికి వెళితే, ఇప్పుడు టీటీజీ చేసి లాభం లేదు, మళ్ళీ రోజూ గోధుమ తిని ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత రమ్మన్నారు. నాకు ధైర్యం చాలలేదు. అప్పుడు ఆయన హెచ్‌ఎల్‌ఏ జన్యు పరీక్ష రాశారు. దానికి తిండితో పని లేదు. బరంపురం అక్క చెప్పిన ఆ డీక్యూ2, డీక్యూ8 రెండు జన్యువులూ లేకపోతే సీలియాక్ దాదాపు ఉండదు. ఉన్నాయంటే మాత్రం జబ్బు ఉన్నట్టు కాదు, చాలామందికి ఉంటాయి. నాకు లేవని వచ్చింది. గోధుమలో, ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు నాకు అరగట్లేదన్నారు. ఇప్పుడు ఒకటి, రెండు పుల్కాలు తింటాను, పచ్చి ఉల్లిపాయ ముట్టను.

మజ్జిగౌరి వీధి, రాయగడ:

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. నెలసరి మామూలుగానే ఉంది. ఫెరిటిన్ చేశారు, బాగా తక్కువ వచ్చింది. మా అత్తగారికి ఇదంతా చదివి వినిపించాను, ఒప్పుకున్నారు. చపాతీ ఆపట్లేదు, ఈ వారమే రక్తం ఇప్పిస్తాం. బరంపురం చెల్లీ, ఒకవేళ పాజిటివ్ వస్తే పిల్లకి ఏం వండిపెట్టాలి? అదే బెంగగా ఉంది.

బరంపురం కోడలు:

బెంగ పడకండి అక్కయ్యా. మన వంటల్లో సగానికి పైగా గోధుమ లేనివే. అన్నం, ఇడ్లీ, దోసె, అట్లు, చోడంబలి (రాగి అంబలి), జొన్నరొట్టె అన్నీ తినొచ్చు. కోరాపుట్, రాయగడల్లో దొరికే మాండియా మన చోళ్ళే కదా. కష్టమంతా కంటికి కనపడని గోధుమతోనే. ఇంగువ డబ్బా తిప్పి చదవండి, చాలావాటిలో మైదా కలుపుతారు. సాంబారులో చిటికెడు వేసినా మా ఇంట్లో తేడా తెలిసింది. సేమియా, బొంబాయి రవ్వ, సోయా సాస్, మాల్ట్ పొడులు అన్నీ చూసుకోవాలి. చోళ్ళు మరకి పంపితే, అంతకుముందు ఆడించిన గోధుమ పిండి రాళ్ళ మధ్య ఉండిపోయి మన పిండిలోకి వచ్చేస్తుంది. నేను ఇంట్లోనే మిక్సీలో పట్టుకుంటాను. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు కదా, మా తోటికోడలు నాకోసం చిన్న గిన్నెలో బియ్యపు రవ్వతో విడిగా చేసి, దేవుడి ముందు రెండూ పెడుతుంది. పాజిటివ్ వస్తే మీరు, మీ ఆయన, మిగతా పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి. మా తమ్ముడికి ఏ బాధా లేదు, అయినా వాడికీ బయటపడింది.

పర్లాకిమిడి మేస్టారు:

పిల్ల ఎదుగుదల సంగతి నేను సరిగ్గా పట్టించుకోలేదమ్మా. పరీక్షే ముందు చేయించండి. ఫలితం ఏదైనా ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.

జయపురం ల్యాబ్ తమ్ముడు:

అక్కా, రాసేటప్పుడు అంకెతో పాటు ఆ ల్యాబ్ ఇచ్చిన మామూలు హద్దు కూడా రాయండి. టీటీజీ యూనిట్లు ఒక్కో ల్యాబ్‌లో ఒక్కోలా ఉంటాయి. పిల్లల్లో ఆ హద్దుకి పది రెట్లు దాటి, రెండోసారి తీసిన రక్తంలో ఈఎంఏ అనే ఇంకో యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్ వస్తే కొందరు డాక్టర్లు ఎండోస్కోపీ లేకుండానే నిర్ధారిస్తారు. కాస్తే ఎక్కువ వస్తే మాత్రం ముక్క పరీక్ష అయ్యేదాకా చపాతీ పెడుతూనే ఉండండి.