వేడెక్కితే స్టార్ట్ కాని పద్మిని: తప్పు పెట్రోల్‌దా, బండిదా?

పద్మిని86: నాన్న కొన్న 1986 ప్రీమియర్ పద్మిని కారు (అందరూ ఫియట్ అనేదే) మాది. పొద్దున చోక్ లాగితే ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. మొన్న ఎల్బీ నగర్ నుంచి బయల్దేరి నార్కట్‌పల్లిలో టీకి ఆగాం. పది నిమిషాలయ్యాక సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోదు. పక్కనున్న లారీ డ్రైవర్ చెబితే పెట్రోల్ పంపు మీద నీళ్లు పోశాం. ముప్పావుగంటకి ఏమీ ఎరగనట్టు లేచింది. ఇలా కావడం మూడోసారి. పంపు కిట్, ఫిల్టర్ ఈ ఏడాదే మార్పించాం. ఒక మెకానిక్ ఈ20 పెట్రోల్ (ఇరవై శాతం ఇథనాల్, అంటే స్పిరిట్ కలిపింది) పాపం అంటాడు, ఇంకొకాయన ఎలక్ట్రిక్ పంపు పెట్టేద్దామంటాడు. పెట్టించమంటారా?

బెజవాడ ఫియట్: పెట్రోలేనండీ, అనుమానమే అక్కర్లేదు. మాదీ పద్మినే, ఇదే 1089 సీసీ ఇంజిన్. మే నెల ఎండల్లో తిరుపతి వెళ్లొచ్చిన బండి. ఈ20 అని 2023లో మొదలుపెట్టి 2025కల్లా దేశమంతా పోసేశారు. అప్పట్నుంచి నాకు పంపు లోపలి రబ్బరు పొరలు, అదే డయాఫ్రంలు, రెండు పోయాయి. రబ్బరు పైపు లోపలి పొర ఉబ్బిపోయి దారి సన్నబడింది. పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బొరేటర్ విప్పితే తెల్లటి పొడి. స్పిరిట్ ఒక్కటే అయితే 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, పెట్రోల్‌లో కలిస్తే ఇంకా ముందే ఆవిరి పెడుతుంది. పాత బండి ఏం చేస్తుందండీ?

గేర్‌లెస్ గోపి: పంపుకి తడిగుడ్డ చుట్టు బ్రో. అంతే.

రాణిగంజ్ కాకా: తమ్మీ, బండి ఆగినప్పుడు ప్లగ్గు తీసి చూసినవా? తడిగున్నదా, పొడిగున్నదా? గది చెప్పకుంటె ఎవ్వడేం చెప్తడు. పొడిగుంటె పెట్రోల్ రాలే, పైపుల ఆవిరి పట్టింది. తడిగుంటె పెట్రోల్ ఎక్కువైంది, లేకుంటె ప్లగ్గుల మంట సరిగ లేదు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ల కండెన్సర్ వేడి మీద ఖరాబైతే గిట్లనే సతాయిస్తది, చల్లగైనంక మంచిగ నడుస్తది. నాకైతే కండెన్సరే అనిపిస్తున్నది. నీళ్లు పోస్తె లేచింది అనుకోకు. ముప్పావుగంట ఆగినవ్. నీళ్లు పొయ్యకున్నా లేస్తుండె.

బెజవాడ ఫియట్: కండెన్సర్ సంగతి కాదండీ ఇక్కడ. మా బంకు పెట్రోల్ నేనే పరీక్షించా. కొలతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోల్, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఊపి పక్కన పెడితే స్పిరిట్ నీళ్లలోకి దిగుతుంది. అడుగు పొర 29కి వచ్చింది. పోసిన నీళ్లు పది తీసేస్తే 19 శాతం!

రాణిగంజ్ కాకా: ఇరవై కలుపుతున్నమని సర్కారే చెప్తున్నది. నువ్వు కనిపెట్టినదేంది?

చక్రం చారి: 29 అని కచ్చితంగా ఎలా చెప్తున్నారు? ఎంతసేపు ఆగి చూశారు? నీళ్ల పొర అంచు వంపుగా ఉంటుంది కదా, పై గీత చూశారా, కింది గీతా?

బెజవాడ ఫియట్: కింది గీతేనండీ! పావుగంట ఆగా. ఫొటో కూడా ఉంది.

పాత ఇనుము: ట్యాంకు మూత తెరిచి చూడండి. మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో గాలి ఆడక పెట్రోల్ రాదు. మూత తీయగానే "స్‌స్‌" అంటే అదే.

పద్మిని86: మూత చూశా, చప్పుడేం లేదు. ప్లగ్గు మాత్రం తీయలేదు కాకా. దారిలో స్పానర్ లేదు.

రాణిగంజ్ కాకా: స్పానర్ లేకుండ ఫియట్‌ల పొయినవ్, శబాష్. నేను పని నేర్చుకున్నప్పుడు, 1980లల్ల, ఎండకాలం ఫియట్ వేడెక్కితే పంపు మీద తడిగుడ్డ ఏసేటోళ్లు. అప్పుడు ఏ స్పిరిట్ కలిపిన్రు? ఇంకోటి, పది శాతం కలిపినప్పుడే ఆవిరి గుణం ఎక్కువ, ఇరవైకి కొంచెం తగ్గుతది. షెడ్డుల నెలలు నెలలు నిలబెట్టి, తేమ తాగి అడుగున నీళ్లు చేరిన పెట్రోల్‌తోటి సెల్ఫ్ కొట్టి, "ఈ20, ఈ20" అని ఒర్లుతరు.

బెజవాడ ఫియట్: నా బండి షెడ్డులో ఉండదండీ, ప్రతి ఆదివారం తీస్తా. మెకానిక్కులు ఎప్పుడూ ఇంతే, తప్పంతా ఓనర్‌దే. రెండేళ్ల కిందట ఒకాయనకి బండి ఇచ్చా. ఈ20కి సరిపోవాలని కార్బొరేటర్‌లో పెట్రోల్ కొలతగా వదిలే మెయిన్ జెట్‌కి డ్రిల్లు పెట్టి రంధ్రం పెద్దది చేశాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. నల్లపొగ, ప్లగ్గుల నిండా మసి. మూడు నెలలు నేను పెట్రోల్‌నే తిట్టుకున్నా.

గేర్‌లెస్ గోపి: అంటే అప్పుడు తప్పు పెట్రోల్‌ది కాదన్నమాట 😀

రాణిగంజ్ కాకా: స్పిరిట్ కలిస్తె పెట్రోల్-గాలి మిక్చర్ పల్చనైతది. జెట్టు ఒక నంబర్ పెంచాలె, గది నిజం. కని నంబర్ ఉన్న జెట్టు కొని ఎయ్యాలె, డ్రిల్లు పెట్టుడు కాదు. వాడు చేసిన పని తప్పే.

బెజవాడ ఫియట్: పని తప్పా ఒప్పా అని కాదండీ నేననేది. చెప్పకుండా చేశాడు. 1979లో మా నాన్నగారు కొన్నప్పటి జెట్టు అది. మళ్లీ దొరుకుతుందా?

రాణిగంజ్ కాకా: చెప్తె ఇంటరా మీరు? ముప్పై ఏండ్లు షెడ్డు నడిపిన. "జెట్టు మార్చాలె సార్" అంటె "అవన్ని నాకెందుకు, సాయంత్రానికి స్టార్ట్ చేసియ్యి" అన్నోళ్లే అందరు. రేటు చెప్తె దొంగ అన్నరు, చెప్పకుండ చేస్తె మోసం అన్నరు. ఇయ్యాల ఈ20 దొరికింది, మెకానిక్‌కి పైసలియ్యకుండ తిట్టుకునేటందుకు.

బెజవాడ ఫియట్: నేనెప్పుడూ డబ్బులు ఎగ్గొట్టలేదు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

రాణిగంజ్ కాకా: నీ పేరు నేను తియ్యలే.

పద్మిని86: పెద్దలిద్దరూ ఆగండి. ఇవాళ ఘట్‌కేసర్ దాకా వెళ్లి, కావాలనే పది నిమిషాలు ఆపా. స్పానర్ పట్టుకెళ్లా. ప్లగ్గులు నాలుగూ తడి, పెట్రోల్ వాసన. బ్లాక్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టిస్తే నీలం మంట, గట్టిగానే వచ్చింది. ప్లగ్గులు తుడిచి బిగించి, చోక్ ముట్టకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి కొడితే ఐదారు సెకన్లలో లేచింది.

రాణిగంజ్ కాకా: మంట నీలమైతె కండెన్సర్ మాట ఇడిచిపెడ్త. బండి నడిచేటప్పుడు గాలి తగులుతది, కొత్త పెట్రోల్ వస్తుంటది. ఆపినంక ఇంజిన్ వేడి కార్బొరేటర్‌కి ఎక్కి దాని గిన్నెల పెట్రోల్ మరిగి ఇంజిన్ లోపటికి కారుతది. నువ్వేమో యాక్సిలరేటర్ దబదబ తొక్కి ఇంక పోస్తున్నవ్. ఫ్లోట్ లెవెల్ (గిన్నెల పెట్రోల్ ఎత్తు) చూపియ్యి, కార్బొరేటర్ కింద వేడి ఎక్కకుండ పెట్టే బేకలైట్ ముక్క ఉన్నదో, ఎవడన్న తీసి పారేసిండో చూడు. ఎలక్ట్రిక్ పంపు మాత్రం పెట్టకు. ప్రెషర్ ఎక్కువుంటె గిన్నెకి వచ్చే పెట్రోల్‌ని నీడిల్ వాల్వ్ ఆపలేదు, ఇంక తడుస్తది.

బెజవాడ ఫియట్: గిన్నెలో పెట్రోల్ ఎందుకు మరిగిందండీ మరి? నేను మొదట్నుంచీ అంటున్నది అదే కదా.

రాణిగంజ్ కాకా: నువ్వు డయాఫ్రం అన్నవ్. పైపు అన్నవ్.

బెజవాడ ఫియట్: ఆవిరి పెడుతుందని కూడా అన్నానండీ. పైకి వెళ్లి చదవండి.

పద్మిని86: ఎలక్ట్రిక్ పంపు ఊసు నాన్నకి ఇంకా చెప్పలేదు. ఇక చెప్పను కూడా. బేకలైట్ ముక్క మాత్రం లేదు కాకా, కార్బొరేటర్ కింద ఒట్టి కాగితం గ్యాస్కెట్ ఉంది. ఎవరు ఎప్పుడు తీశారో నాన్నకే తెలియదు.

బెజవాడ ఫియట్: చూశారా? చెప్పకుండానే తీశారు.

రాణిగంజ్ కాకా: తమ్మీ, రాణిగంజ్‌ల దొరుకుతది. పాత గ్యాస్కెట్ నమూనా పట్టుకపో.