‘నైపుణ్యం లేని కూలీలు’: ఆ ‘లేని’ ఎవరికి తగలాలి?

ప్రశ్న: కనీస వేతనాల మీద కరపత్రం వేస్తున్నాం. అన్‌స్కిల్డ్ లేబర్‌ని ‘నైపుణ్యం లేని కూలీలు’ అని రాస్తే తిట్టినట్టుంది. ఇంకో మాట చెప్పండి.

ఒకటో జవాబు: అలా రాయకండి. 2005 ఉపాధి హామీ చట్టం నిర్వచించింది పనిని. ప్రత్యేక శిక్షణ, నైపుణ్యం లేకుండా వయోజనులెవరైనా చేయగల శారీరక శ్రమ అంది. మనిషికి నేర్పు లేదనలేదు. తెలుగులోకి వచ్చేసరికి ‘లేని’ పోయి ‘కూలీలు’ మీద పడింది. ‘నైపుణ్యం అవసరం లేని పని’ అనండి. పనిలో పనిగా, వాడుకలో కూలి అంటే డబ్బు, కూలీ అంటే మనిషి. ‘కూలీ పెంచాలి’ అని అచ్చు వేయించకండి.

రెండో జవాబు: ‘అవసరం లేని’ కూడా తప్పేనండీ. వరి నాటు చూడండి. 21–25 రోజుల నారు కొనలు తుంచి, కుదురుకు రెండు మూడు మొక్కలు, 2–3 సెం.మీ. లోతున పెట్టాలి. వేలు ఇంకాస్త దిగితే పిలకలు తగ్గుతాయి, పైపైన వదిలితే నీళ్లకు తేలిపోతుంది. ఖరీఫ్‌లో చదరపు మీటరుకు 33 కుదుళ్లు. అదంతా నడుం వంచి, బురదలో వెనక్కి జరుగుతూ. దీన్ని మనవాళ్లు ఒడుపు అంటారు. లేనిది సర్టిఫికెట్ ఒక్కటే. నా మాట ‘శిక్షణపత్రం అడగని పని’.

ఒకటో జవాబు: ఒడుపు మాట ఒప్పుకుంటాను. కానీ చట్టం మాట పూర్తిగా తీసేస్తే చదివినవాళ్లకు రేటు దొరకదు. 2019 వేతనాల కోడ్ 6వ సెక్షన్‌లో అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్, హైలీ స్కిల్డ్ అని నాలుగు శ్రేణులున్నాయి. భరించలేని వేడి, తేమ, ప్రమాదం కూడా లెక్కలోకి తీసుకోవచ్చని అక్కడే ఉంది. అది తప్పక వేయండి, ఎవరూ వేయరు. ఇనుప కడ్డీలు వంచి కట్టే మనిషిని చీటీలో ‘హెల్పర్’ అని రాస్తే అట్టడుగు రేటే చేతికొస్తుంది. అందుకే ముందు చూడాల్సింది వేతన చీటీలో శ్రేణి. తక్కువ ఇస్తే 45వ సెక్షన్ కింద మూడేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. బకాయితో పాటు దానికి పదిరెట్ల దాకా పరిహారం వేయించే అధికారం ఆ క్లెయిమ్ వినే అధికారికి ఉంది.

అడిగినవారు: అయితే రేట్ల పట్టికలో ‘అన్‌స్కిల్డ్’ అలాగే ఉంచి, మిగతా అంతటా ‘శిక్షణపత్రం అడగని పని’ అని పెడుతున్నాం. ‘కూలీ’ దీర్ఘాలు కూడా దిద్దాం.