కారమూర్ ఎస్టేటులో క్వార్టెట్ కచేరీ: అమ్మానాన్నలతో వెళ్తున్నాం, ఏమేం చూసుకోవాలి?

ఎడిసన్_శ్రోత:
జూలైలో ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి, న్యూయార్క్ రాష్ట్రం కటోనాలో సంగీత కచేరీలు జరిగే కారమూర్ ఎస్టేటు‌లో స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వాటికన్నా పెద్దవైన వయోలా, చెల్లో వాయించే నలుగురి బృందం) కచేరీ‌కి టికెట్లు తీసుకోబోతున్నాం. ముందు హైడన్ రాసిన ఓపస్ (రచన సంఖ్య) 33లో రెండోది, విరామం తర్వాత బేథోవెన్ ఓపస్ 131. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్నలు మాతో ఉంటారు. నాన్నగారికి ద్వారం వెంకటస్వామినాయుడి గారి వయొలిన్ అంటే ప్రాణం, పాశ్చాత్య సంగీతం మాత్రం కొత్త. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఎన్నింటికి బయల్దేరాలి? ఏ సీట్లు మంచివి? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? పులిహోర పట్టుకెళ్లొచ్చా?

కటోనా_దారి:
ముందు వేదిక ఏదో చూడండి, మిగతావన్నీ దాన్నిబట్టే. అక్కడ ముఖ్యమైనవి మూడున్నాయి: ఎస్టేటు ఒకప్పటి యజమానులైన రోజెన్ దంపతుల ఇంట్లోని మ్యూజిక్ రూమ్, ఇంటి మధ్య ఉన్న స్పానిష్ కోర్ట్‌యార్డ్, టెంటు కప్పు కింద పక్కలు తెరిచి ఉండే వెనీషియన్ థియేటర్. ఆ ఇంటిని 1929 నుంచి 1939 వరకు కట్టారు, యూరప్ భవనాల నుంచి గదులకు గదులే తెచ్చి లోపల అమర్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన కొడుకు జ్ఞాపకార్థం 1945లో దాన్ని సంగీతానికి ఇచ్చేశారు. మ్యూజిక్ రూమ్‌లో అయితే విల్లు తీగను తాకే చప్పుడు కూడా వినిపిస్తుంది. క్వార్టెట్‌కి నా ఓటు ఎప్పుడూ దానికే. కాకపోతే వేసవి కచేరీలు చాలావరకు బయటే.

ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే, మారియో కూమో వంతెన, 287 హైవే, తర్వాత 684 హైవే మీద ఎగ్జిట్ 6. గంటన్నర అనుకుంటారు గానీ వేసవి ఆదివారం రెండున్నర గంటలు చేతిలో పెట్టుకోండి. వంతెన టోల్ వెళ్లేటప్పుడే, తిరుగు దారిలో ఉండదు. ఆలస్యమైతే వాయిస్తున్న అంశం అయ్యేదాకా లోపలికి వదలరు. విరామానికి ముందు ఉన్నది పద్దెనిమిది, ఇరవై నిమిషాల హైడన్ ఒక్కటే కాబట్టి ఆలస్యమైతే అది మొత్తం పోతుంది.

పులిహోర భేషుగ్గా ఉంటుంది, కచేరీకి ముందు లాన్‌లో కూర్చుని తినొచ్చు. డబ్బాలు మాత్రం సీట్ల దగ్గరికి వద్దు. చెప్పులు మడమ ఎత్తు లేనివి వేసుకోండి, ఎత్తు మడమలు గడ్డిలో దిగబడతాయి. పెద్దవాళ్లకు శాలువా, వీపుకో చిన్న దిండు.

వయోలా_పక్షం:
సీట్ల గురించి. నలుగురూ అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు. మన ఎడమ చివర మొదటి వయొలిన్, పక్కన రెండో వయొలిన్. కుడివైపు వయోలా, చెల్లో. ఎవరు చివర అనేది బృందాన్నిబట్టి. వయోలా చివర ఉంటే నాదం వచ్చే దాని ముందు పలక వెనక్కి తిరిగి ఉంటుంది, నాదం మన దాకా పలచగా వస్తుంది. అందుకే మధ్యలో, నాలుగు నుంచి ఎనిమిదో వరస తీసుకోండి. మొదటి వరసలో ఒక్కో వాద్యం విడివిడిగా వినపడుతుంది, నాలుగూ కలిసిన శబ్దం ఏర్పడదు.

చప్పట్లకు ఒకటే గుర్తు: నలుగురూ విల్లులు పూర్తిగా దించి, భుజాలు వదిలేసిన తర్వాతే. హైడన్‌ది నాలుగు భాగాలు, మధ్యలో కొట్టరు. చివరి భాగం శ్రోతల్ని ఆటపట్టిస్తుంది. వేగంగా పోతున్నది హఠాత్తుగా నెమ్మదిస్తుంది, తర్వాత పల్లవి లాంటి వరసను ముక్కముక్కలుగా, మధ్యలో మౌనాలు పెట్టి వాయిస్తారు. అయిపోయిందనుకుంటే పొడుగాటి మౌనం, ఆపైన మొదటి ముక్క మెల్లగా మళ్లీ. అదే ముగింపు. ఓపస్ 131లో ఏడు భాగాలు, దాదాపు 40 నిమిషాలు, ఎక్కడా ఆపరు. అమ్మగారి గాజుల చప్పుడు, వాచీ మోత, దగ్గుబిళ్ల కాగితం చిన్న గదిలో పెద్దగా వినిపిస్తాయి. బిళ్లల కాగితాలు ముందే తీసి రుమాల్లో పెట్టుకోండి. తాళం వేళ్లతో లెక్కపెట్టుకోవచ్చు, తొడ మీద చరచకూడదు.

వేదిక బయటైతే ఇంకోటి. గాలిలో తేమ ఉంటే విల్లు వెంట్రుకలు సాగుతాయి, బిరడాలు (తీగలు చుట్టి బిగించే కొయ్య మేకులు) ఉబ్బి బిగుస్తాయి, శ్రుతి జారుతుంది. హైడన్‌లో భాగాల మధ్య సరిచేసుకుంటారు. ఓపస్ 131లో ఆ వీలే ఉండదు, జారిన తీగను వేలితో దిద్దుకుంటూ చివరిదాకా పోవాలి. నాన్నగారి చెవికి అది తప్పకుండా తెలుస్తుంది.

ఎడిసన్_శ్రోత:
చాలా థ్యాంక్సండి. ఓపస్ 131 ప్రారంభం నాన్నగారికి వినిపించాను. "షడ్జం ఎక్కడుందిరా?" అన్నారు. ఏం చెప్పమంటారు?

వయోలా_పక్షం:
ఆయన సరైన చోటే పట్టుకున్నారు. తంబూరా లేదు, షడ్జం, అంటే ఆధారమైన 'స', కదులుతూ ఉంటుంది. హైడన్ మొదటి భాగంతో చెబితే తేలిక. సొంత షడ్జంలో మొదలై, కాసేపటికి పంచమాన్నే ('ప') కొత్త షడ్జంగా స్థిరపరుస్తుంది. మధ్యలో ఊళ్లు తిరుగుతుంది, చివరికి పాత షడ్జానికి వచ్చి అక్కడే నిలబడుతుంది. మనకు దగ్గరిది గ్రహభేదం, కానీ అదే కాదు: గ్రహభేదంలో స్వరాలు అవే ఉండి ఆధారం మారుతుంది, ఇక్కడ స్వరాలు కూడా మారతాయి. షడ్జం వెతకడం మానొద్దని చెప్పండి, కదిలినప్పుడల్లా ఎటు పోయిందో చూడమనండి. ఓపస్ 131 మొదట్లో మొదటి వయొలిన్ ఒంటరిగా ఎత్తుకున్న వరసను రెండో వయొలిన్, వయోలా, చెల్లో ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. ఆ నాలుగు రాకల్ని లెక్కపెడితే చాలు, దారి దొరుకుతుంది. తీగలూ మనలా స-ప-స-ప కాదు, వయొలిన్ మీద ఒక్కోటి పక్కదానికి పంచమం దూరం.

కటోనా_దారి:
ఒకటి మరిచాను. వెస్ట్‌చెస్టర్‌లో జింకలు ఎక్కువ, వాటి మీద ఉండే పిడుదులు కుడితే లైమ్ అనే జబ్బు వస్తుంది. జూలైలో దొరికే పిల్లపిడుదు గసగసం గింజంత ఉంటుంది. దుప్పటి లాన్ మధ్యలో పరచండి, పొడుగు గడ్డి, చెట్ల అంచు వద్దు. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకలు, నడుము, చెవుల వెనక చూసుకోండి. కనిపిస్తే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. నూనె రాయొద్దు, కాల్చొద్దు. ఆ తర్వాత కొన్ని వారాల్లో ఎర్రటి వలయం లేచినా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించండి, ఎస్టేటుకి వెళ్లిన తేదీ కూడా చెప్పండి. నాన్నగారు పంచె కడితే మేజోళ్లు తప్పనిసరి.