పనిలో దిట్టనే సూపర్వైజరుగా చేయాలా, చదువుకున్నవారిని బయటి నుంచి తేవాలా?

ఉప్పుటేరు గట్టు (చర్చ ప్రారంభించినవారు)

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో షిఫ్టు మేనేజరుగా పనిచేస్తున్నాను. ఈ నెలాఖరున మా ఒలుపు షెడ్డులో సూపర్వైజరు స్థానం ఒకటి ఖాళీ అవుతోంది. ఫిషరీస్ డిప్లొమా చేసిన కుర్రవాడిని బయటి నుంచి తీసుకుందామని యాజమాన్యం అంటోంది. నా మనసు మాత్రం బల్ల దగ్గర పదకొండేళ్లుగా నిలబడి పనిచేస్తున్న ఒకామె వైపు మొగ్గుతోంది. అయితే నా మొగ్గు మీద నాకే పూర్తి నమ్మకం లేదు. ఆ కారణం దాచిపెట్టి సలహా అడగడం సబబు కాదు కనుక చెబుతున్నాను.

ఇంతకు ముందు పనిచేసిన చోట, షెడ్డు మొత్తంలో అందరికన్నా వేగంగా చేయి ఆడే ఆమెను ఏరికోరి సూపర్వైజరును చేశాం. రొయ్యను అరచేతిలో పెట్టుకుంటే కాటా అక్కర్లేకుండానే అది 21-25 కౌంటో, 26-30 కౌంటో చెప్పేసేది. (కౌంటు అంటే ఒక తూకానికి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. చెరువు గట్టు మీద కౌంటు కిలోకి లెక్క, మా ప్యాకింగులో పౌనుకి లెక్క, రైతు సోదరులు తికమక పడవద్దు.) మొదటి వారంలోనే ఒక సంగతి నా కంటపడింది. కొత్తగా చేరిన అమ్మాయి వెన్ను చీల్చి నల్ల నరం లాగడంలో తడబడుతుంటే, ఈమె ఒక్క మాటైనా అనకుండా ఆ పిల్ల చేతిలోని కత్తి లాక్కుని, ట్రేలో మిగిలిన రొయ్యలన్నీ తానే గబగబా ఒలిచేసి, కత్తి బల్ల మీద పెట్టి పక్క బల్లకు వెళ్లిపోయింది. ఆ అమ్మాయి తడి గ్లోవులతో అలాగే నిలబడిపోయింది.

నెల తిరిగేసరికి ఆ బల్ల దగ్గర ఎవరూ నోరు విప్పడం లేదు. ఒకరోజు రెండు కౌంట్లు కలిసిపోయిన సరుకు ఫ్రీజరు దాకా వెళ్లి గడ్డకట్టాక గాని బయటపడలేదు. కలిసిపోయిన సంగతి ముగ్గురికి ముందే తెలుసునని ఆ తర్వాత తేలింది. ఆరు నెలలకు ఆమె పనే మానేసింది. మంచి పనిమంతురాలిని పోగొట్టుకున్నాం, సూపర్వైజరునూ సంపాదించుకోలేకపోయాం. మళ్లీ అదే పొరపాటు చేయబోతున్నానా?

లాకుల పేట

నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. ఒక్క అనుభవాన్ని పట్టుకుని లోపలివారినందరినీ తూచవద్దని నా మనవి. బయటి నుంచి వచ్చినవారి పొరపాటు ఎలా ఉంటుందో కూడా వినండి.

ఒక ఏడాది దాళ్వాకు (రెండో పంటకు) గోదావరిలో నీరు చాలక వంతులవారీగా ఇవ్వవలసి వచ్చింది. కొత్తగా వచ్చిన యువ ఇంజనీరు చక్కగా గళ్లు గీసి, ఎగువ ఊళ్లకూ శివారు ఊళ్లకూ సమానంగా గంటలు పంచి, పట్టిక గోడకు అంటించాడు. కాగితం మీద అంతకన్నా న్యాయమైన పంపకం ఉండదు. కాని తూము ఎత్తిన తర్వాత నీరు శివారుకు చేరడానికే సగం పూట పడుతుంది. పాపం వారి వంతు నీరు దారిలో ఉండగానే గడిచిపోయేది. ఈ మాట కాలువ గట్టు మీద రోజూ నడిచే లస్కరు మొదటి రోజే చెప్పాడు. చదువులేనివాడి మాటని ఎవరూ చెవిన పెట్టలేదు. శివారు రైతులు ఆఫీసు ముందు బైఠాయించాక, నీరు చేరిన క్షణం నుంచి గంటలు లెక్కపెట్టడం మొదలుపెట్టాం.

పని తెలియనివాడికి పెద్దరికం ఇస్తే, నష్టం ఎక్కడ జరుగుతోందో కూడా అతనికి కనబడదు. కాబట్టి నా ఓటు మీ పదకొండేళ్ల మనిషికే.

కోటిలింగాల రేవు

రాజమండ్రిలో ఉంటూ చిన్న పరిశ్రమల్లో సూపర్వైజర్లకు శిక్షణ ఇచ్చే వృత్తి నాది. నా మాటలో ఆ పక్షపాతం ఉంటే సరిదిద్దుకుని చదవండి.

ఉప్పుటేరు గట్టు గారికి ఎదురైనది కొత్త సమస్య కాదు. సంస్థల్లో ప్రతివారూ తమకు చేతకాని మెట్టు వచ్చేదాకా ఎక్కుతూనే పోతారని లారెన్స్ పీటర్ అనే రచయిత 1969లో కాస్త వ్యంగ్యంగా రాశాడు. 2019లో ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికాలో 131 సంస్థల అమ్మకాల సిబ్బంది వివరాలు పరిశీలించి, ఆ వ్యంగ్యంలో నిజముందని తేల్చారు. బాగా అమ్మేవారికే పదోన్నతి ఎక్కువగా దక్కింది, కాని వారి చేతికింద పనిచేసినవారి అమ్మకాలు తగ్గాయి.

లాకుల పేట గారు చెప్పిన లస్కరు కథ నాకు చాలా నచ్చింది. అయితే అందులో లస్కరును ఇంజనీరు చేయాలన్న వాదన నాకు కనబడలేదు. ఇంజనీరుకు వినడం రావాలన్నది మాత్రమే కనబడింది. మన రాష్ట్రంలో 1997 చట్టంతో నీటి సంఘాలు ఏర్పడి కాలువల నిర్వహణ రైతుల చేతికి వచ్చింది కదా. పొలం గట్టు తెలిసిన ప్రతి అధ్యక్షుడికీ సమావేశం నడపడం, ఎగువవారికీ శివారువారికీ మధ్య రాజీ కుదర్చడం వాటంతటవే వచ్చాయా? అది వేరే విద్య.

దాళ్వా ధాన్యం

తణుకు దగ్గర మాది రైసుమిల్లు. రెండుసార్లు డబ్బు పెట్టి సూపర్వైజర్లను శిక్షణకు పంపించాను. ఒకరు సర్టిఫికెట్ చేతికి రాగానే పక్క మిల్లుకు వెళ్లిపోయారు, రెండోవారు వెళ్లినట్టే తిరిగి వచ్చారు. మనుషులను నడిపించడం పుట్టుకతో రావాలి గాని, హోటల్లో కూర్చోబెట్టి బొమ్మలు చూపిస్తే వస్తుందా?

కోటిలింగాల రేవు

దాళ్వా ధాన్యం గారి కోపంలో సగం న్యాయం ఉంది. హోటల్లో బొమ్మలు చూపించే శిక్షణ వల్ల బాగుపడేది ముఖ్యంగా హోటలువారే. కాని ఇంకో ప్రయోగం కూడా మన దేశంలోనే జరిగింది. ముంబై దగ్గరి నేత మిల్లుల్లో ఆర్థికవేత్త నిక్ బ్లూమ్ బృందం నెలల తరబడి సలహాదారులను మిల్లు లోపలే ఉంచి, ఏ రోజు లోపాలు ఆ రోజే రాసుకోవడం, వాటి మీద రోజూ కాసేపు కూర్చుని మాట్లాడుకోవడం, మరమ్మతులు ముందే చేయించడం వంటివి అలవాటు చేయించింది. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగిందని 2013లో ప్రచురించారు. అక్కడ ఎవరి పుట్టుకనూ మార్చలేదు, దినచర్యను మార్చారు. నేర్పవలసిన చోటు పని జరిగే చోటే.

సరుకు గడ్డకట్టేదాకా ముగ్గురు నోరు విప్పని సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ చర్చ మొత్తంలో నాకు అదే పెద్దదిగా తోచింది. అమెరికా ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో లెక్కించినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడివారు పొరపాటు జరిగితే దాచకుండా చెప్పుకుంటున్నారని ఆమె అర్థం చేసుకుంది. మీ షెడ్డులో కత్తి లాక్కున్న రోజునే ఆ ముగ్గురి నోళ్లు మూతపడ్డాయని నా అనుమానం.

మంచుగడ్డ

ఇంతసేపూ పెద్దలు ఆమె గురించి మాట్లాడుకున్నారు గాని, ఆమెను అడిగారా అని ఎవరూ అడగలేదు. నేను కూడా ఒలుపు బల్ల దగ్గర నుంచే సూపర్వైజరునయ్యాను, నాలుగేళ్లయింది. తెలిసింది రాస్తాను.

మొదటిది డబ్బు. మా దగ్గర ఒలుపుకు కిలోల లెక్కన కూలి. చేయి చురుకైన మనిషికి సీజనులో వచ్చేది, నెల జీతం తీసుకునే సూపర్వైజరుకు వచ్చేదానికన్నా ఎక్కువ. అంటే మీరు గౌరవమని ఇచ్చేది ఇంటికి నష్టం. అందులోనూ మీరు ఏరేది అందరికన్నా వేగంగా ఒలిచే మనిషిని, ఆమెకే అందరికన్నా ఎక్కువ నష్టం.

రెండోది ఆటో. నవ్వకండి. మా ఊరి నుంచి పదిమందిమి ఒకే ఆటోలో వస్తాం. మధ్యాహ్నం ఒకామెను అందరి ముందూ మందలించి, సాయంత్రం ఆమె మోకాలికి మోకాలు ఆనించి ఇంటిదాకా కూర్చోవాలి. నిన్నటిదాకా వదినా అని పిలిచిన మనిషి ఈ రోజు మేడం అంటే, అది గౌరవమో ఎత్తిపొడుపో నాకు తెలియదా? డిప్లొమా చదివి వచ్చే కుర్రవాడికి ఈ బాధ లేదు, సాయంత్రం బైకు ఎక్కి తన దారిన తను పోతాడు. నేను మందలించడం మానలేదు. చేతులు కడుక్కునే చోటుకు పక్కకు పిలిచి చెప్పడం నేర్చుకున్నాను, కాని నేర్చుకునేలోగా ఇద్దరు నాతో మాట్లాడడం మానేశారు.

మూడోది చెబితే మేనేజర్లకు కోపం వస్తుంది. నేను సెలవు లేదని చెప్పిన మనిషి నేరుగా సారు దగ్గరకు వెళ్లి సెలవు తెచ్చుకుంటుంది. ఒకరిని ఈ బల్ల నుంచి ఆ బల్లకు మార్చాలన్నా నేను అడగాలి. నాకు రిజిస్టరు రాయడం నేర్పారు, క్లోరిను నీళ్లు కొలవడం నేర్పారు. నా మాట నిలబెట్టడం మాత్రం ఎవరూ చేయలేదు. అధికారం లేని మనిషి చివరికి చేసేది ఒకటే, తనకు వచ్చిన పని తాను చేసి చూపించడం. మీ పాత ప్లాంటులో ఆమె కత్తి ఎందుకు లాక్కుందో నాకు అర్థమైంది సార్, మీకు ఇంకా అర్థమైనట్టు లేదు.

లాకుల పేట

అమ్మా, మీరు చెప్పింది చదివాక నా ఓటు మార్చుకోను గాని, దానికి ఒక షరతు చేరుస్తాను. మా లస్కరుకు సైతం తూము తాళం చెవి చేతిలో లేకపోతే, ఎంత తెలిసినా ఉపయోగం లేకపోయేది.

ఉప్పుటేరు గట్టు (చర్చ ప్రారంభించినవారు)

మంచుగడ్డ గారూ, మీ మూడో మాట తగలవలసిన చోటే తగిలింది. ఆ పాత ప్లాంటులో, సూపర్వైజరు కాదన్నాక కూడా సెలవులు మంజూరు చేసిన సారును నేనే.

నిన్న షిఫ్టు ముగిశాక ఆమెను పిలిచి అడిగాను. సంతోషంతో ఒప్పుకుంటుందనుకున్నాను. ఆమె రెండు ప్రశ్నలు వేసింది: సీజనులో ఒలుపు మీద వచ్చేదానికి తగ్గకుండా జీతం ఇస్తారా, మూడు నెలలు చూసి నచ్చకపోతే పరువు పోకుండా మళ్లీ బల్ల దగ్గరకు వెళ్లనిస్తారా? బల్లల మార్పు, ఒక్క రోజు సెలవు ఇకపై సూపర్వైజరు చేతిలోనే ఉంటాయని, నా దగ్గరకు వచ్చినా తిరిగి ఆమె దగ్గరకే పంపుతానని నేను మాట ఇచ్చాను, ఎందుకంటే అవి నా పరిధిలోవి. ఆమె అడిగిన రెండూ యాజమాన్యం తేల్చవలసినవి. డిప్లొమా కుర్రవాడిని నాణ్యత రికార్డుల వైపు తీసుకుని ఆమెకు తోడుగా ఉంచుదామన్న ప్రతిపాదన కూడా కలిపి ఈ ఉదయం కాగితం పెట్టాను. జీతం దగ్గర ఆగింది.