స్పోర్ట్స్ కోటాలో ఐఐటీకి వచ్చినవాళ్లు ఇంటర్ ఐఐటీ మీట్‌లో ఆడాలా, వద్దా?

ఎర్రట్రాక్

మీట్ సీజన్ వచ్చిందంటే చాలు, మా పాత టీమ్ వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ. అక్కడ తేలేలా లేదు, ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంటర్ ఐఐటీ స్పోర్ట్స్ మీట్ 1960ల నుంచి నడుస్తోంది, మామూలుగా డిసెంబర్‌లో. అథ్లెటిక్స్, హాకీ, ఫుట్‌బాల్, క్రికెట్, బాస్కెట్‌బాల్, వాలీబాల్, టెన్నిస్, టీటీ, చెస్, వెయిట్‌లిఫ్టింగ్, ఇలా చాలా ఆటలు. ప్రతి ఆటలో వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు, అవన్నీ కూడితే ఎవరికి ఎక్కువొస్తే వాళ్లకి జనరల్ ఛాంపియన్‌షిప్. అబ్బాయిలకి ఒకటి, అమ్మాయిలకి ఒకటి. మద్రాస్, బాంబే, ఖరగ్‌పూర్, కాన్పూర్, ఢిల్లీ వాళ్లు దీనికోసం ఏడాదంతా పళ్లు నూరుకుంటారు.

ఇప్పుడు కొత్త సంగతి: 2024-25 నుంచి ఐఐటీ మద్రాస్ స్పోర్ట్స్ ఎక్సలెన్స్ అడ్మిషన్ మొదలుపెట్టింది. ఒక్కో బీటెక్, బీఎస్ కోర్సులో రెండేసి అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకే. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో క్వాలిఫై కావాలి, గత నాలుగేళ్లలో జాతీయ స్థాయిలోనో అంతర్జాతీయంగానో కనీసం ఒక మెడల్ ఉండాలి. ఈ సీట్లు మామూలు ఐఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లో ఉండవు, మద్రాస్ వాళ్ల పోర్టల్‌లో విడిగా అప్లై చేసుకోవాలి.

కోటా మీద నాకు ఏ గొడవా లేదు. అదనపు సీట్లే కాబట్టి ఎవరి సీటూ పోలేదు. కానీ వాళ్లని మీట్‌లో దింపడం మాత్రం వద్దంటాను. ఇంటర్ రెండేళ్లు గ్రౌండ్ మొహం చూడని పిల్లాడు ఫస్టియర్‌లో మొదటిసారి హాకీ స్టిక్ పట్టుకుని, సీనియర్ల తిట్లు తిని, థర్డియర్‌కి టీమ్‌లో చోటు సంపాదిస్తాడు చూడండి, ఈ మీట్ మజా అంతా అదే. వాటర్ పోలో అయితే మనవాళ్లలో చాలామంది ఆ ఆట పేరు వినేదే క్యాంపస్‌లో. అలాంటి చోటికి నేషనల్ మెడలిస్టుని తెచ్చి నిలబెడితే మిగతావాళ్లు ప్రేక్షకులైపోతారు.

రెండో_సర్వీస్

అన్నా, నువ్వు చెప్పిన మజా అంతా అబ్బాయిల మీట్ మజా. అమ్మాయిల వైపు ఎలా ఉండేదో ఎప్పుడైనా చూశావా?

ఐఐటీల్లో అమ్మాయిలు పదో వంతు కూడా లేని రోజులు మొన్నమొన్నటివే. 2018లో వాళ్ల కోసం అదనపు సీట్లు తెచ్చి ఆ ఏడాది 14 శాతం, తర్వాత 17, 2020కి 20 శాతం అని లక్ష్యం పెట్టుకుంటే తప్ప కదల్లేదు. ఆ తక్కువమందిలోంచి బాస్కెట్‌బాల్‌కి ఒక టీమ్, వాలీబాల్‌కి ఒక టీమ్, మళ్లీ బ్యాడ్మింటన్, అథ్లెటిక్స్. మాలో ఒకే అమ్మాయి పొద్దున లాంగ్ జంప్ చేసి, మధ్యాహ్నం వాలీబాల్ ఆడి, సాయంత్రం రిలేకి పరిగెత్తిన సందర్భాలున్నాయి. టాలెంట్ ఉండి కాదు, మనుషుల్లేక! బెంచ్ మీద సబ్‌స్టిట్యూట్ ఉండటమే మాకు లగ్జరీ.

మద్రాస్ వాళ్లు ప్రతి కోర్సులో ఒక సీటు అమ్మాయిలకే కట్టేయడం మీకు ట్రోఫీ గొడవలా కనిపిస్తోంది, నాకు మాత్రం అమ్మాయిల టీమ్‌కి మొదటిసారి ఊపిరి ఆడటంలా కనిపిస్తోంది. వాళ్లని మీట్‌లో ఆడొద్దంటే ఇంక ఎక్కడ ఆడమంటావు?

బెంచ్‌వార్మర్07

ఆడుకోవడానికే సీటిచ్చి ఆడొద్దనడం ఏంటి బ్రో, కామెడీగా 😂

పీడీ_మాస్టారు

నేను ఐఐటీ వాణ్ణి కాదు, డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యాను. అయినా ఈ గొడవ నాకు కొత్తది కాదు, అందుకే తలదూరుస్తున్నాను.

మా డిగ్రీ కాలేజీల మధ్య టోర్నమెంట్లలో జరిగేదేమిటంటే, జూన్, జూలైలో అడ్మిషన్లప్పుడే కబడ్డీ రైడర్లకీ, వాలీబాల్ స్పైకర్లకీ ఫీజు మాఫీ, హాస్టల్ ఫ్రీ అని ఫోన్లు వెళ్తాయి. కుర్రాడు క్లాసులో కనిపించడు, టోర్నమెంట్ రోజు మాత్రం బోనఫైడ్, టెన్త్ మెమో, ప్రిన్సిపాల్ సంతకం పెట్టిన ఎలిజిబిలిటీ ఫారంతో టంచనుగా హాజరు. కాగితం మీద తప్పు పట్టలేం. అవతలి కాలేజీ పీడీ ప్రొటెస్ట్ ఇస్తాడు, ఫీజు కడతాడు, అది తేలేలోపు ఫైనల్ అయిపోతుంది. ఇటువైపు నేనూ కూర్చున్నాను, అటువైపూ కూర్చున్నాను.

యూనివర్సిటీల స్థాయిలో ఇదే పెద్ద ఎత్తున జరుగుతుంది. ఆటల్లో అన్నిటికన్నా బాగా రాణించిన యూనివర్సిటీకి 1956-57 నుంచి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ ఇస్తున్నారు. అమృత్‌సర్ గురునానక్ దేవ్ యూనివర్సిటీ, చండీగఢ్ పంజాబ్ యూనివర్సిటీ, పటియాలా పంజాబీ యూనివర్సిటీ, ఈ మూడూ దాన్ని ఏళ్ల తరబడి తమలో తాము పంచుకున్నాయి. 2024 సంవత్సరానికి మొదటిసారి ఒక ప్రైవేటు యూనివర్సిటీకి, చండీగఢ్ యూనివర్సిటీకి వెళ్లింది. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లోనూ 2022లో బెంగళూరులో జైన్ యూనివర్సిటీ, 2024లో ఈశాన్య రాష్ట్రాల్లో చండీగఢ్ యూనివర్సిటీ పైన నిలిచాయి. డబ్బు పెట్టి స్కాలర్‌షిప్ ఇచ్చి ఆటగాణ్ణి తెచ్చుకోవడం తప్పు కాదు, పేద పిల్లలకి అదే చదువు దారి. కానీ ఒక కాలేజీ మొదలుపెడితే పక్క కాలేజీ ఊరుకోదు. ఎర్రట్రాక్ బాబు భయం అదే అయితే అర్థముంది.

ఒక్క తేడా మాత్రం మరచిపోకండి. మేం తెచ్చుకున్న కుర్రాడు పరీక్ష రాయకపోయినా ఎవరూ అడగరు. మీ వాడు అడ్వాన్స్‌డ్ గట్టెక్కి వస్తున్నాడు, వచ్చాక కూడా అందరితోపాటు అవే ల్యాబులు, అవే క్విజ్‌లు.

డాలస్_కుర్రోడు

ఇక్కడ అమెరికాలో ఈ కథ ఎంత దూరం వెళ్లిందో చెప్తా. నేను చదివిన చోట ఫుట్‌బాల్ కోచ్ జీతం ముందు యూనివర్సిటీ ప్రెసిడెంట్ జీతం చిన్నబోతుంది, అది వేరే టాపిక్ అనుకోండి. 2025 జూలై నుంచి కోర్టు సెటిల్‌మెంట్ ప్రకారం కాలేజీలు నేరుగా ఆటగాళ్లకే ఆదాయంలో వాటా ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఐవీ లీగ్, అంటే హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పాత యూనివర్సిటీలు, మాత్రం అందులో చేరలేదు, వాళ్లు మొదట్నుంచీ అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌లే ఇవ్వరు. అలాగని అక్కడ కోచ్‌లు ఆటగాళ్లని ఏరుకోరని కాదు, శుభ్రంగా ఏరుకుంటారు, అడ్మిషన్ దగ్గర మాట సాయం కూడా ఉంటుంది. మద్రాస్ చేసేది దీనికి దగ్గరగా ఉంది: డబ్బు కాదు, సీటు.

మీ జనరల్ ఛాంపియన్‌షిప్ లాంటిది ఇక్కడ డైరెక్టర్స్ కప్ ఉంది, అన్ని ఆటల పాయింట్లూ కలిపి ఇస్తారు. స్టాన్‌ఫర్డ్ దాన్ని వరసగా 25 సార్లు గెలిచింది, 2018-19 దాకా. తర్వాత టెక్సస్ యూనివర్సిటీ లేచింది. పాతికేళ్లు ఒకే కాలేజీ గెలిచిందని మిగతావాళ్లు ఆడటం మానేశారా? డ్యూక్ యూనివర్సిటీ వాళ్లకి బాస్కెట్‌బాల్‌లో పాత ప్రత్యర్థి నార్త్ కరోలినా యూనివర్సిటీని ఓడిస్తే చాలు, కప్ ఎవరు పట్టుకెళ్తే ఏంటి.

ఏర్పేడు_ఎక్స్‌ప్రెస్

పెద్దన్నల గొడవలో మా గోడు ఎవరికీ పట్టదని తెలుసు, అయినా చెప్తా. మాది 2015లో పెట్టిన క్యాంపస్, తిరుపతి దగ్గర ఏర్పేడులో. ఖరగ్‌పూర్‌ది 1951, బాంబేది 1958. వాళ్ల హాస్టళ్ల మధ్య పోటీలకి వచ్చే జనంతో మా కాలేజీ మొత్తం నిండిపోతుంది. పైగా మీట్‌లో బీటెక్ వాళ్లే ఆడరు కదా, ఎంటెక్, పీహెచ్‌డీ వాళ్లూ ఆడతారు. పద్దెనిమిదేళ్ల మా ఫస్టియర్ కుర్రాడు వెయిట్‌లిఫ్టింగ్‌లో ఏళ్లుగా జిమ్‌లో కండలు పెంచిన పీహెచ్‌డీ అన్న పక్కన నిలబడితే చూడ్డానికే జాలేస్తుంది. యూనివర్సిటీల పోటీల్లో అయితే 25 ఏళ్ల పరిమితి ఉంది. మీకిది ఇన్నేళ్లూ అన్యాయంగా అనిపించలేదు, మద్రాస్‌కి నలుగురు మెడలిస్టులు వచ్చేసరికి న్యాయం గుర్తొచ్చింది. ఎర్రట్రాక్ అన్నా, నువ్వు పాత ఐదింట్లో ఎందులో చదివావో చెప్పు, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఎర్రట్రాక్

ఖరగ్‌పూర్. చెప్పడానికి భయమేం లేదు :)

జనాభా తేడా నిజమే. కానీ దానికీ దీనికీ పోలిక లేదు. పదివేలమందిలోంచి వచ్చినా మా హాకీ టీమ్ వాడు క్యాంపస్‌లో నేర్చుకున్నవాడే.

@రెండో_సర్వీస్, అమ్మాయిల విషయంలో నువ్వు చెప్పింది ఒప్పుకుంటా, అక్కడ ఆడనివ్వాలి. నా అభ్యంతరం అబ్బాయిల మీట్ గురించే అనుకో.

సిసిలియన్64

అందరూ "కోటా వాళ్లు" అని ఒకే గాటన కడుతున్నారు, ఆటని బట్టి లెక్క మారిపోతుంది. చెస్‌లో టీమ్‌కి నాలుగు బోర్డులనుకోండి, అందులో ఒక బోర్డు మీద గ్రాండ్‌మాస్టర్ కూర్చున్నా వచ్చేది ఒక్క పాయింటే, మిగతా మూడు బోర్డులూ ఓడితే మ్యాచ్ పోయినట్టే. ఫుట్‌బాల్‌లో పదకొండు మందిలో ఒకడు, వాడికి బంతి అందించేవాడు లేకపోతే వాడూ మనలాగే తిరుగుతుంటాడు. బాస్కెట్‌బాల్ వేరు, కోర్టు మీద ఐదుగురే కాబట్టి ఒక్కడే ఆట మార్చేస్తాడు. ఇక స్విమ్మింగ్ అయితే చెప్పక్కర్లేదు, నేషనల్స్‌లో ఈదిన కుర్రాడు 50 ఫ్రీస్టైల్, 100 ఫ్రీస్టైల్, పైన రిలే, ఒక్కడే పాయింట్ల పట్టిక తలకిందులు చేస్తాడు.

కాబట్టి నిషేధం పెడితే అన్ని ఆటలకీ పెట్టడం అర్థం లేని పని. స్విమ్మింగ్‌లో, అథ్లెటిక్స్‌లో ఒక్కొక్కరికి ఇన్ని ఈవెంట్లే అని గట్టి హద్దు పెట్టండి, బాస్కెట్‌బాల్‌లో ఒకసారికి కోర్టు మీద ఒక్కరే అనండి. మిగతా వాటికి ఏ రూలూ అక్కర్లేదు.

రెండో_సర్వీస్

ఎర్రట్రాక్ అన్న "అబ్బాయిల మీట్ గురించే అనుకో" అనడం భలే ఉంది. అంటే అమ్మాయిల ట్రోఫీకి విలువ తక్కువ కాబట్టి అక్కడ ఎవరాడినా పర్లేదా? ఒకే రూలు పెట్టండి, ఇద్దరికీ పెట్టండి.

ఇంకోటి, "క్యాంపస్‌లో నేర్చుకున్నవాడే" అని పదేపదే అంటున్నావు. మన రెండు రాష్ట్రాల్లో ఎందుకు క్యాంపస్‌కి వెళ్లాకే నేర్చుకోవాల్సి వస్తోందో కూడా చెప్పు. నేను చదివిన ఇంటర్ కాలేజీ ఒక అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగ్, గ్రౌండ్ లేదు, టైంటేబుల్‌లో గేమ్స్ అని రాసి ఉన్న గంటలో స్టడీ అవర్. పదో తరగతి దాకా రాష్ట్రం తరఫున ఆడి, టెన్త్ రిజల్ట్ వచ్చిన రోజే రాకెట్ అటక మీద పెట్టేసిన పిల్లలు నా బ్యాచ్‌లోనే ఉన్నారు. గత నాలుగేళ్ల మెడల్ లెక్కలోకి వస్తుందంటే తొమ్మిది, పది తరగతుల్లో గెలిచిన మెడల్‌కి కూడా విలువుందన్నమాట. "రెండేళ్లు ఆట మానేస్తేనే సీటు" అనే నాన్నలతో వాదించడానికి ఇన్నాళ్లకి ఒక కాగితం దొరికింది. మన దగ్గర ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో స్పోర్ట్స్ కోటా 0.5 శాతం, దాన్ని నమ్ముకుని ఏ ఇంట్లోనైనా ఆట కొనసాగించనిచ్చారా?

బెంచ్‌వార్మర్07

అక్క చెప్పింది కరెక్ట్. మా నాన్న నా క్రికెట్ కిట్ మా మేనత్త కొడుక్కి ఇచ్చేశాడు, అదీ నన్ను అడక్కుండా.

పీడీ_మాస్టారు

సిసిలియన్ చెప్పిన హద్దుల పద్ధతి పని చేస్తుంది, అనుభవంతో చెప్తున్నాను. కాకపోతే సీజన్ మొదలవకముందే, అన్ని క్యాంపస్‌ల స్పోర్ట్స్ ఆఫీసర్లు కూర్చుని రాసుకోవాలి. మీట్ మధ్యలో, ఓడిన టీమ్ మేనేజర్ ప్రొటెస్ట్ ఫారం పట్టుకొచ్చాక రాసే రూలు రూలు కాదు. ఎంట్రీ ఫారంలో ప్రతి పేరు ఎదురుగా అడ్మిషన్ ఎలా వచ్చిందో ఒక గడి పెట్టాలి, లేకపోతే ఎవరు కోటానో ఎవరు కాదో చెప్పలేక చస్తారు. వయసు పరిమితి గురించి తిరుపతి అబ్బాయి అడిగింది కూడా అదే మీటింగ్‌లో పెట్టండి. నా లెక్కలో కోటా కన్నా అదే పెద్ద విషయం.

ఎర్రట్రాక్

వయసు పరిమితి పెడితే మా వెయిట్‌లిఫ్టింగ్ టీమ్ సగం ఖాళీ మాస్టారూ! అది మాత్రం ఒప్పుకోను.

ఏర్పేడు_ఎక్స్‌ప్రెస్

చూశారా. ఇప్పుడు చెప్పండి, ఎవరికి ఏ న్యాయం కావాలో.