బ్యాటరీ డిక్కీలోకి మారిస్తే బానెట్ కింద జంప్ పాయింట్ ఎలా?

పాత_జెన్:
మారుతి జెన్‌లో టర్బో పైపులకు చోటు చాలక బ్యాటరీని డిక్కీలోకి మార్చేస్తున్నా. తిప్పుకుంటూ తెస్తే 5 మీటర్ల కేబులు పడుతుంది. బ్యాటరీ దిగిపోతే వేరే బండి బ్యాటరీ నుంచి జంప్ ఇవ్వడానికి బానెట్ కింద ఒక ప్లస్ పాయింట్ కూడా కావాలి. ఆడియో షాపులో లావు కేబులు చవగ్గా ఇస్తున్నాడు, తీసుకోవచ్చా అన్నా?

ఓరుగల్లు_వైరింగ్:
ముందు కొస గీకి చూడు తమ్ముడూ. చవక కేబుళ్లలో చాలావరకు పైన రాగి పూత, లోపల అల్యూమినియమే. అసలు రాగిదైతే 50 స్క్వేర్ ఎంఎంకి 5 మీటర్ల మీద, సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగినా పోయేది సుమారు 0.35 వోల్టులు. 25 వేస్తే 0.7. వెల్డింగ్ కేబులు మెత్తగా వంగుతుంది, అదే తీసుకో. పైన పైపు తొడుగు, పెట్రోలు లైనుకీ సైలెన్సర్‌కీ దూరంగా లాగు.

న్యూజెర్సీ_ఈ46:
మా బీఎండబ్ల్యూకి కంపెనీవాళ్లే బ్యాటరీ డిక్కీలో పెట్టి, బానెట్ కింద ఎర్ర మూతతో ప్లస్ పాయింట్ ఇచ్చారు. గుద్దుకున్నప్పుడు సెల్ఫ్ కేబుల్ని బ్యాటరీ దగ్గరే తెంపేసే చిన్న పేలుడు క్లాంపు కూడా ఉంటుంది.

గుంటూరోడు:
మన కార్లలో సెల్ఫ్ వైరుకి ఫ్యూజే ఉండదు కదా. అనవసర ఖర్చు.

ఓరుగల్లు_వైరింగ్:
అక్కడ కేబులు బారెడు కూడా ఉండదు గుంటూరోడు గారూ. ఇక్కడ సీట్ల కిందనుంచి, రేకు అంచుల మీదుగా పోతుంది. ఎక్కడ ఒరుసుకున్నా బాడీయే ఎర్త్, ఇక మంటే. బ్యాటరీ పక్కనే, జానెడు లోపు, బోల్టుతో బిగించే ఏఎన్ఎల్ ఫ్యూజు 250 లేదా 300 ఆంపియర్లది. ఫైర్‌వాల్, అంటే ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకు, దాని రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

పాత_జెన్:
మరి ఎర్త్?

ఓరుగల్లు_వైరింగ్:
అసలు గొడవంతా అక్కడే. వెనక మైనస్‌ని పెయింటు గీకిన బాడీ రేకుకి పొట్టి కేబులుతో ఇవ్వు. ముందు ఇంజనుకీ బాడీకీ అంతే లావు పట్టీ వెయ్యి. అది బలహీనమైతే కరెంటు యాక్సిలరేటర్ కేబులు దారి పడుతుంది, అది కాస్తా కాలుతుంది. జంప్ పాయింటుకి వేరే కేబులు అక్కర్లేదు, సెల్ఫ్‌కి వెళ్లే వైరూ ఆల్టర్నేటర్ వైరూ కలిసే స్టడ్డే చాలు. బానెట్ రేకు తగలకుండా కరెంటు పారని బేక్‌లైట్ ముక్క మీద బిగించి రబ్బరు మూత వెయ్యి. జంప్ ఇచ్చేటప్పుడు నల్ల క్లాంపు ఇంజను బ్లాకుకి.

కాకినాడ_అక్క:
ఒకటి మర్చిపోయారు. జెన్ డిక్కీకీ సీట్లకీ మధ్య గోడ లేదు. నీళ్ల బ్యాటరీ పెడితే చార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ మీరు కూర్చునే చోటికే వస్తుంది. నీళ్లు పొయ్యక్కర్లేని సీల్డ్ ఏజీఎం బ్యాటరీ తీసుకుని, మూత ఉన్న డబ్బాలో బిగించి, గొట్టం నేల కిందకి వదలండి.

ఓరుగల్లు_వైరింగ్:
అక్క చెప్పింది చెయ్యి. అన్నీ అయ్యాక పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ఎవరిచేతైనా సెల్ఫ్ కొట్టించు. మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, పొడుగు వైరు జోడించి రెండోది బానెట్ కింద పాయింటుకి. అర వోల్టు దాటితే కేబులు కొసల లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తో మళ్లీ నొక్కించు. సుత్తి దెబ్బలతో నొక్కితే లాభం లేదు.